సగటు లెక్కలు: అందరూ అడిగే డౌట్లు, వాటికి జవాబులు

బెంగళూరు మారతహళ్ళిలో ఒక పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) మేడ మీద సాయంత్రాలు లెక్కలు చెబుతుంటాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది బ్యాంకు, రైల్వే పరీక్షలకు చదివే చిత్తూరు, అనంతపురం, కర్నూలు పిల్లలు. ఆదివారం మాత్రం చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల నుంచి ఏడో తరగతి, ఎనిమిదో తరగతి వాళ్ళు వస్తారు, వెనకాలే వాళ్ళ అమ్మానాన్నలూ వస్తారు. ఎవరొచ్చినా సగటు దగ్గర అవే డౌట్లు. నీళ్ళ ట్యాంకు గోడ మీద రాసి, తుడిచి, మళ్ళీ అదే రాసి విసుగొచ్చి ఇక్కడ పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌటు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళిపోండి.

## మొదలుపెట్టేటప్పుడు

సగటు, సరాసరి, యావరేజ్, అంకమధ్యమం… ఇవన్నీ ఒకటేనా సార్?

స్కూలు లెక్కల్లో, పోటీ పరీక్షల్లో ఒకటే. మన తెలుగు మీడియం పుస్తకాల్లో సగటు అని, అంకమధ్యమం అని రెండూ కనిపిస్తాయి. బెంగళూరులో చదివే పిల్లలు కన్నడ క్లాసులో సరాసరి అని వింటారు. తెలుగులో సరాసరి అంటే 'నేరుగా' అని కూడా అర్థం ఉంది కదా, దాంతో ఒక తమాషా జరిగింది. ఏడో తరగతి పాప ఒకతి 'సరాసరి వేగం' అంటే మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా పోయే బండి వేగం అనుకుంది. నెల రోజులు అలాగే అనుకుందట, మార్కులు పోయాకే బయటపడింది.

సూత్రం నోటికొచ్చు. అయినా ప్రశ్న చదివితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. ఎందుకని?

మీకు వచ్చిన సూత్రం 'మొత్తాన్ని సంఖ్యతో భాగించు' అని. పరీక్షలో వచ్చే ప్రశ్నల్లో చాలావాటిలో మొత్తం ఇవ్వరు, సగటు ఇస్తారు. అందుకని సూత్రాన్ని తిప్పి పట్టుకోవాలి: మొత్తం = సగటు × ఎంతమంది. సగటు సంగతి తర్వాత చూడొచ్చు, ముందు మొత్తం కట్టండి.

ఒక ఉదాహరణ. పీజీ గదిలో నలుగురున్నారు, వాళ్ళ సగటు వయసు 23. ఐదోవాడు చేరాడు, సగటు 24 అయింది. అతని వయసెంత? మొన్న ఒకబ్బాయి దీనికి (23 + కొత్తవాడి వయసు) ÷ 2 = 24 అని రాసి 25 తెచ్చాడు. అంటే ఒక పక్క నలుగురిని, ఇంకో పక్క ఒక్కణ్ణి పెట్టి ఇద్దరన్నట్టు పంచాడు. నలుగురి మొత్తం 4 × 23 = 92. ఐదుగురి మొత్తం 5 × 24 = 120. తేడా 28. అదే అతని వయసు. వీళ్ళ వయసులు విడివిడిగా ఎంతో మనకు చివరిదాకా తెలియలేదు, ఆ అవసరమూ పడలేదు. "మొత్తం ఇవ్వలేదుగా అన్నా" అని ఆగిపోయేవాళ్ళు గమనించాల్సింది ఇదే.

సున్నా మార్కులు వచ్చినవాణ్ణి లెక్కలో కలపాలా?

కలపాలి. మొత్తానికి వాడు ఏమీ ఇవ్వకపోయినా, భాగించేటప్పుడు వాడూ ఒక మనిషే. 10, 8, 0 మార్కుల సగటు 18 ÷ 3 = 6. 'సున్నా ఏముందిలే' అని రెండుతో భాగిస్తే 9 వస్తుంది, అది తప్పు. పరీక్షకే రాని పిల్లవాడి సంగతి వేరు. 'హాజరైన విద్యార్థుల సగటు' అంటే అతన్ని తీసేయాలి. ఆ 'హాజరైన' అనే మాట మీద పెన్సిల్‌తో గీత పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

సగటున ఇంటికి 2.4 మంది పిల్లలు అని వచ్చింది. తప్పు చేశానా?

లేదు. సగటు విడిగా ఎవరి ఇంట్లోనూ ఉండక్కర్లేదు. ఐదు ఇళ్ళలో 12 మంది పిల్లలుంటే 2.4 వస్తుంది. కానీ మొత్తం మాత్రం పూర్ణ సంఖ్య కావాలి. మీ లెక్కలో మొత్తం పిల్లలు 12.3 అని వస్తే అప్పుడు కంగారు పడండి.

పెద్ద సంఖ్యలు కూడేటప్పుడే తప్పు పోతోంది. దారేమైనా ఉందా?

ఊహించిన సగటు పద్ధతి. 78, 83, 76, 81, 87 ఇచ్చారనుకోండి. చూడగానే అన్నీ 80 చుట్టుపక్కల ఉన్నాయి. 80 పెట్టుకుని తేడాలు మాత్రం రాయండి: −2, +3, −4, +1, +7. వీటి మొత్తం 5. ఐదుగురికి పంచితే 1. జవాబు 81. పదో తరగతిలో విచలన పద్ధతి అని ఇదే చెబుతారు, అక్కడ పట్టికలు చూసి భయపడతారు గానీ మూలం ఇంతే. 80 కాకుండా 75 పెట్టుకున్నా జవాబు 81 వస్తుంది. నమ్మకం లేకపోతే చేసి చూడండి.

## ఒకరు పోయి ఒకరొచ్చే లెక్కలు

ఎనిమిది మందిలో 56 కిలోలవాడు పోయి కొత్తవాడొస్తే సగటు 1.5 పెరిగింది. అసలు సగటే ఇవ్వలేదు కదా, ఎలా?

అవసరం లేదు కాబట్టే ఇవ్వలేదు. మనుషుల సంఖ్య మారలేదు, ఎనిమిదే. ఒక్కొక్కరికి 1.5 కిలోలు పెరగాలంటే మొత్తం 8 × 1.5 = 12 కిలోలు పెరగాలి. ఆ 12 ఎక్కడి నుంచి వస్తాయి? కొత్తవాడు పాతవాడి కంటే 12 కిలోలు ఎక్కువ ఉండాలి. 56 + 12 = 68. సగటు తగ్గిందని ఉంటే కూడే బదులు తీసేయాలి.

టీచర్ వయసు కలిపితే సగటు ఒకటే పెరిగింది. టీచర్ వయసు 43 ఎలా అవుతుంది?

30 మంది పిల్లల సగటు 12, టీచర్‌తో కలిపితే 13. చూడటానికి ఒకటే పెరిగింది, కానీ ఒక్కొక్కరికి ఒకటి చొప్పున 30 మందికీ పెరిగింది. ఆ 30 టీచరే తేవాలి. అదీ కాక తన వంతు 13 తనకూ ఉండాలి. 30 + 13 = 43. మొత్తాలతో చేసినా (31 × 13) − (30 × 12) = 403 − 360 = 43. నోటితో చేసేవాళ్ళు 30 + 12 అని 42 పెట్టేస్తారు. కొత్తగా చేరినవారి వంతు కొత్త సగటు, పాతది కాదు.

ఐదేళ్ళ క్రితం కుటుంబం సగటు 27, ఇప్పుడు బిడ్డ పుట్టాక కూడా 27. ఇదెలా కుదురుతుంది?

ఐదేళ్ళు గడిచినా సగటు పెరగలేదంటే వింతగానే ఉంటుంది. ఐదుగురి మొత్తం అప్పుడు 5 × 27 = 135. ఐదేళ్ళలో ఒక్కొక్కరికి 5 చొప్పున 25 పెరిగి ఇప్పుడు 160. బిడ్డతో ఆరుగురు, 6 × 27 = 162. బిడ్డ వయసు 2. పసిబిడ్డ సగటును కిందికి లాగేసింది, అంతే. ఇందులో పోయే మార్కు ఎక్కడంటే, బిడ్డకు కూడా ఐదేళ్ళు కలపడం దగ్గర. అప్పటికి పుట్టనివాళ్ళకు ఏళ్ళు కలపకూడదు. చివర్లో బిడ్డ వయసు 5 కంటే తక్కువ వచ్చిందో లేదో చూసుకోండి, ఎక్కువ వస్తే ఎక్కడో తేడా కొట్టింది.

83 బదులు 38 అని రాశారట. మళ్ళీ మొదటినుంచి చేయాలా?

వద్దు. 25 మంది సగటు 62 అని వచ్చింది, ఒకరి మార్కులు 83 ఉంటే 38 వేశారు. మొత్తంలో 45 తక్కువ పడింది. దాన్ని 25 మందికి పంచితే 1.8. అసలు సగటు 63.8. తక్కువ రాస్తే పెంచాలి, ఎక్కువ రాస్తే తగ్గించాలి. అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదో ఎక్కంలోనే ఉంటుంది (ఇక్కడ 45). ఇంటి ఖర్చుల పుస్తకంలో తేడా 27, 54 ఇలా వస్తే నేను ముందు వెతికేది తారుమారైన అంకెనే.

పదకొండు సంఖ్యలకు 'మొదటి ఆరు, చివరి ఆరు' అంటారు. ఆరూ ఆరూ పన్నెండు కదా?

అవును, అదే కిటుకు. ఆరో సంఖ్య రెండు గుంపుల్లోనూ ఉంది. పదకొండింటి సగటు 50, మొదటి ఆరింటిది 49, చివరి ఆరింటిది 52 అనుకుంటే 294 + 312 = 606. పదకొండింటి మొత్తం 550. ఎక్కువ వచ్చిన 56 రెండుసార్లు లెక్కపెట్టిన ఆ ఆరో సంఖ్యే.

వరస సంఖ్యల సగటుకు షార్ట్‌కట్ ఉందా?

ఉంది, మధ్యది చూడండి. వరసగా ఐదు సరి సంఖ్యల సగటు 34 అంటే మధ్యది 34, మిగతావి 30, 32, 36, 38. సరి సంఖ్యలో ఉంటే, అంటే నాలుగో ఆరో ఉంటే, మధ్య రెండింటికీ నడిమిది. సమానమైన అంతరంతో ఉన్న ఏ వరసకైనా ఇది పనిచేస్తుంది.

## ఎక్కువమంది బోల్తా పడేవి

ఆఫీసుకు గంటకు 20 కి.మీ. వేగంతో పోయి 30తో తిరిగొస్తే సగటు 25 కదా? కీలో 24 అని ఉంది.

కీ కరెక్టే. ఈ లెక్కకు 25 పెట్టి, హాలు బయట నిలబడి ప్రశ్నపత్రమే తప్పని పదిమందితో వాదించినవాణ్ణి నేనే, కాబట్టి మీ కోపం నాకు తెలుసు.

ఆఫీసు 12 కి.మీ. దూరం అనుకోండి. పోయేటప్పుడు 20 వేగంతో 36 నిమిషాలు. వచ్చేటప్పుడు 30 వేగంతో 24 నిమిషాలు. మొత్తం 24 కి.మీ., సరిగ్గా గంట. సగటు వేగం 24. నెమ్మదిగా పోయిన భాగంలోనే ఎక్కువసేపు గడిపాం, అందుకే సగటు ఆ వైపుకు జరిగింది. దూరం 12 కాక ఇంకేదైనా ఇదే వస్తుంది. ప్రశ్నలో దూరం ఇవ్వకపోతే రెండు వేగాల క.సా.గు. పెట్టేసుకోండి: 60 కి.మీ. అయితే 3 గంటలు, 2 గంటలు, మొత్తం 120 ÷ 5 = 24.

మరి 25 ఎప్పుడు? రెండు వేగాలతో సమానమైన సమయం నడిపినప్పుడు. అరగంట 20తో (10 కి.మీ.), అరగంట 30తో (15 కి.మీ.) పోతే గంటలో 25.

ఇదే సంగతి కూరగాయల దగ్గరా ఉంది. మడివాళ మార్కెట్లో టమాటా ఒకరోజు కిలో 20, ఇంకోరోజు 30 అనుకోండి. రోజుకో కిలో కొంటే సగటు ధర 25. రోజూ 60 రూపాయలకు కొంటే మొదటి రోజు 3 కిలోలు, రెండో రోజు 2 కిలోలు, మొత్తం 120 రూపాయలకు 5 కిలోలు: సగటు 24. ధర కిలోకు చెబుతున్నాం కాబట్టి కిలోలు సమానమైతేనే మామూలు సగటు. వేగం గంటకు చెబుతున్నాం కాబట్టి గంటలు సమానమైతేనే మామూలు సగటు. ప్రశ్న చదవగానే 'ఇందులో సమానంగా ఉన్నదేది?' అని అడగండి.

2xy ÷ (x + y) అనే సూత్రం (x, y రెండు వేగాలు) చాలామందికి నోటికొచ్చు. అది సమానమైన రెండు దూరాలకు మాత్రమే. మూడు ముక్కల ప్రయాణానికి దాన్ని సాగదీసేవాళ్ళను చూశాను. మూడైతే బుద్ధిగా మొత్తం దూరం, మొత్తం సమయం కట్టుకోండి.

పోయేటప్పుడు ట్రాఫిక్‌లో 15 వేగమే పడింది. ఎంత వేగంగా తిరిగొస్తే మొత్తం సగటు 30 అవుతుంది?

ఎంత వేగంగా వచ్చినా కాదు. అందరూ 45 అంటారు. 12 కి.మీ. దూరాన్ని 15 వేగంతో పోవడానికి 48 నిమిషాలు పట్టింది. రానూ పోనూ 24 కి.మీ.లకు 30 సగటు రావాలంటే మొత్తం పట్టాల్సింది 48 నిమిషాలే. అవి పోయేటప్పుడే, సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో అయిపోయాయి. తిరిగి రావడానికి మిగిలింది సున్నా నిమిషాలు. 45 వేగంతో వచ్చినా 16 నిమిషాలు పట్టి, మొత్తం 64 నిమిషాలకు సగటు 22.5 అవుతుంది.

ఏ సెక్షన్ సగటు 70, బీ సెక్షన్ సగటు 55. రెండూ కలిపితే 62.5 పెట్టొచ్చా?

రెండు సెక్షన్లలో పిల్లలు సమానమైతేనే. ఏ లో 40 మంది, బీ లో 20 మంది ఉంటే 2800 + 1100 = 3900, దాన్ని 60తో భాగిస్తే 65. మంది ఎక్కువ ఉన్నవైపు సగటు లాగబడుతుంది. తేడాలు చూడండి: 65 నుంచి 70కి 5, 55కి 10. మంది 2:1 అయితే దూరాలు 1:2. కోచింగ్‌లో అలిగేషన్ అని గీతలు గీసి చెప్పేది ఈ తిరగేసిన నిష్పత్తినే. కిలో 52 బియ్యం, 64 బియ్యం కలిపి 56 పడాలంటే 52వి రెండు పాళ్ళు, 64వి ఒక పాలు.

ఒక పరీక్షలో 90 శాతం, ఇంకోదానిలో 60 శాతం. సగటు 75 శాతమేగా?

పరీక్షలు ఎన్నెన్ని మార్కులకో చూడాలి. 50కి 45, 100కి 60 అయితే మొత్తం 150కి 105, అంటే 70 శాతం. ఇంజనీరింగ్ పిల్లల గ్రేడులూ అంతే. 4 క్రెడిట్ల సబ్జెక్టులో 8, 2 క్రెడిట్ల సబ్జెక్టులో 10 వస్తే సగటు 9 కాదు, (4 × 8 + 2 × 10) ÷ 6 = 52 ÷ 6, సుమారు 8.67.

క్రికెట్ లెక్కలో 16వ ఇన్నింగ్స్‌లో 85 కొడితే సగటు 3 పెరిగింది అంటారు. నాటౌట్ సంగతేంటి?

పరీక్ష లెక్కలో నాటౌట్ ఉండదు, ప్రతి ఇన్నింగ్స్‌నూ లెక్కించాలి. పాత 15 ఇన్నింగ్స్‌లకు 3 చొప్పున 45 పరుగులు ఈ 85 లోంచే పోయాయి. మిగిలిన 40 కొత్త సగటు, పాతది 37.

నిజం క్రికెట్‌లో మాత్రం ఇన్నింగ్స్‌తో భాగించరు, ఎన్నిసార్లు అవుటయ్యాడో దానితో భాగిస్తారు. ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ బ్రాడ్‌మన్ టెస్టుల్లో 80 ఇన్నింగ్స్‌లలో 6996 పరుగులు చేశాడు, 10 సార్లు నాటౌట్. 6996ను 70తో భాగిస్తే ఆ ప్రసిద్ధమైన 99.94. అదే 80తో భాగిస్తే 87.45 అవుతుంది. 1948లో ఓవల్‌లో చివరి ఇన్నింగ్స్‌కు దిగినప్పుడు 4 పరుగులు చేసి అవుటైనా 7000 ÷ 70, సరిగ్గా 100. సున్నాకి అవుటయ్యాడు. సున్నా కూడా భాగహారంలో ఒకటిగా పడుతుందని చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లలకు ఒక్కసారి చెబితే చాలు.

మా టీంలో సగటు జీతం 76 వేలట. నాకు 40 వేలే. నన్ను మోసం చేస్తున్నారా?

చెప్పలేం. పదిమందిలో తొమ్మిది మందికి 40 వేలు, ఒకరికి 4 లక్షలు ఉన్నా సగటు 76 వేలే. 76 వేలు తీసుకునేవాళ్ళు ఆ టీంలో ఒక్కరూ లేరు. ఇలాంటి చోట మధ్యగతం అడగాలి: జీతాలను చిన్న నుంచి పెద్దకు పేర్చి నడిమిది చూస్తే 40 వేలు.

## పరీక్ష హాల్లో, ఇంట్లో

ఆప్షన్లు చూసి కొట్టేయొచ్చా అన్నా? టైం సరిపోవట్లేదు.

కొన్ని కొట్టేయొచ్చు. సగటు ఎప్పుడూ అన్నిటికంటే చిన్నదానికీ పెద్దదానికీ మధ్యే ఉంటుంది, ఆ బయట ఉన్న ఆప్షన్ పోయినట్టే. రెండు గుంపులైతే మంది ఎక్కువున్న గుంపు వైపున్న ఆప్షన్ మిగులుతుంది. రానూ పోనూ వేగం అయితే మామూలు సగటు కంటే జవాబు కొంచెం తక్కువ ఉండాలి. ఇవేవీ పనిచేయకపోతే గుడ్డిగా పెట్టకండి, తప్పుకు పావు మార్కు కోసే పరీక్షల్లో నాలుగు తప్పులు ఒక మంచి జవాబును మింగేస్తాయి.

టైం గురించి ఇంకో మాట. 35 ప్రశ్నలకు 20 నిమిషాలంటే ప్రశ్నకు 34 సెకన్లు అని గడియారం చూసుకుంటూ టెన్షన్ పడతారు. అది సగటు. తేలికవాటిని 15 సెకన్లలో ముగిస్తే పెద్దవాటికి నిమిషం మిగులుతుంది.

మా పాపకు ఇంట్లో ఎలా చెప్పాలి? సూత్రం అంటే ఏడుస్తోంది.

సూత్రం ఇప్పుడే వద్దు. నాలుగు గిన్నెలు, గుప్పెడు చింతగింజలు తెచ్చుకోండి. గిన్నెల్లో 3, 9, 4, 8 వేసి, అన్నిట్లో సమానంగా చేయమనండి. పెద్ద గిన్నెలోంచి తీసి చిన్నదాంట్లో వేసుకుంటూ పోతే అన్నిట్లో ఆరేసి వస్తాయి. కూడటం, భాగించటం తర్వాత తనే అడుగుతుంది. మనవాళ్ళు సగటును పట్టుకున్నదీ ఇలాంటి చదును చేసే పనిలోనే. 1150లో భాస్కరాచార్యుడు లీలావతి అనే తన లెక్కల పుస్తకంలో, తవ్విన గుంటల లెక్క చెబుతూ, లోతు ఒక్కోచోట ఒక్కోలా ఉంటే కొన్ని చోట్ల కొలిచి, కూడి, కొలిచిన చోట్ల సంఖ్యతో భాగించమన్నాడు. నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూసే బెంగళూరు పిల్లలకు సంపులో నీళ్ళ లోతు అంటే ఇట్టే అర్థమవుతుంది.

గింజల ఆట సాగుతున్నప్పుడు చెప్పాపెట్టకుండా ఇంకో గింజ వేయండి. మొత్తం 25. మా క్లాసులో ఒక పాప దాన్ని ఒక్కో గిన్నెలోనూ వేసి తీసి, ఏ గిన్నెకీ ఇవ్వలేక, చివరికి "కత్తిపీట ఉందా సార్, నాలుగు ముక్కలు చేద్దాం" అంది. గోడ మీద 6.25 అని రాసి చూపించాను.